పేపర్ రెండుసార్లు వెనక్కి వచ్చింది.. రిఫరెన్సులు సరిగా లేవట!

రాయలసీమలోని ఒక విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్న పాఠకురాలు ఒకరు పెద్ద ఉత్తరం రాశారు. నేలలో ఉండి కూడా మొక్కకు అందని భాస్వరాన్ని కొన్ని రకాల బ్యాక్టీరియా ఎలా కరిగించి వేరుసెనగకు అందిస్తాయన్నది ఆమె పరిశోధన. మూడేళ్ల పని మీద తొలి పేపర్ తయారైంది. ముందు పంపిన జర్నల్ రచయిత పేరు, సంవత్సరం పద్ధతిలో రిఫరెన్సులు అడిగేది. విషయం తమ పరిధిలోకి రాదని వాళ్లు తిప్పి పంపారు. తర్వాత ఎంచుకున్న జర్నల్‌ది అంకెల పద్ధతి. ఆమె పట్టిక మొత్తాన్ని ఒక్కొక్కటిగా చేత్తో మార్చారు. ఆ జర్నల్ కార్యాలయం “రిఫరెన్సులు మా పద్ధతిలో లేవు” అనే ఒక్క వాక్యంతో రెండుసార్లు వెనక్కి పంపింది. ఎక్కడ ఏ తప్పుందో చెప్పలేదు.

“రాత్రి పాపను పడుకోబెట్టాక కామాలు, చుక్కలు సరిచేస్తూ కూర్చుంటున్నాను. పొలంలో, ల్యాబులో ఇంత చేసి చివరికి ఈ చుక్కల దగ్గర ఆగిపోతానా అని ఏడుపొస్తోంది” అని రాశారు.

ఉత్తరం సగం దాటాక మరికొన్ని సంగతులు బయటపడ్డాయి. పట్టికలో సగానికి పైగా రిఫరెన్సులు ఆమె సీనియర్ థీసిస్ నుంచి తీసుకున్నవి. వాటిలో చాలావాటిని ఆమె చదవలేదు. రెండు పేపర్లు ఎంత వెదికినా దొరకడం లేదు. ఒక రిఫరెన్సును కృత్రిమ మేధ ఉపకరణం ఇచ్చింది, దాన్నీ తెరిచి చూడలేదు. పేపర్ పంపే ముందురోజు గైడు గారు తన సొంత పేపర్లు ఐదింటిని చేర్చమన్నారు. వాటితో కలిపి లెక్క 68కి చేరింది. పేపర్ ఇతరుల రాతలతో ఎంత కలుస్తోందో చూపే సారూప్యత నివేదికలో 14 శాతం వచ్చింది. తన పేరు ఒక సదస్సు సంకలనంలో ఒక రకంగా, జర్నల్ ఆన్‌లైన్ ఫారంలో మరో రకంగా పడింది, పెళ్లయ్యాక ఇంటిపేరు సంగతి ఇంకా తేలలేదు. త్వరలో థీసిస్ సమర్పించే ముందు జరిగే ప్రీ-సబ్మిషన్ సెమినార్ ఉంది, అప్పటికి ఒక పేపరైనా అంగీకారం పొందాలని డిపార్ట్‌మెంటులో అంటున్నారు. “మా గైడు గారు మంచివారే. కానీ ఆయన్ను ప్రశ్నించే అలవాటు మాలో ఎవరికీ లేదు. నేను ఏం చేయాలి? సీనియర్ థీసిస్‌లో తప్పులున్నాయని ఆయనకు చెప్పాలా?” అన్నవి ఆమె ప్రశ్నలు. రిఫరెన్సుల పట్టికనూ, పేపర్‌లో కొన్ని పుటలనూ జతచేశారు.

సమాధానం

ముందు ఒక ఊరట మాట. ఈ రెండో జర్నల్‌లో మీ పేపర్ తిరస్కరణకు గురికాలేదు. దాన్ని ఇంతవరకు ఏ సమీక్షకుడూ చూడలేదు. కార్యాలయంలో బొమ్మలు, పట్టికలు, రిఫరెన్సులు జర్నల్ సూచనల ప్రకారం ఉన్నాయో లేదో చూసే దశ ఒకటి ఉంటుంది. మీరు ఆగిపోయింది అక్కడే. మీ పరిశోధన మంచిచెడ్డల గురించి ఎవరూ ఒక్క మాట కూడా అనలేదు, కాబట్టి ఆ దిగులు పక్కన పెట్టండి. సెమినార్ సంగతి కూడా ఒకసారి విచారించండి. పీహెచ్‌డీ థీసిస్ సమర్పించే ముందు పేపర్ ప్రచురించి తీరాలన్న నిబంధనను యూజీసీ 2022 నవంబరు నియమాల్లో తొలగించింది. విశ్వవిద్యాలయాలు తమంతట తాము ఆ నిబంధన పెట్టుకోవచ్చు. డిపార్ట్‌మెంటులో అనుకునే మాటను నమ్ముకోకుండా మీ విశ్వవిద్యాలయం పీహెచ్‌డీ నియమావళి (ఆర్డినెన్సు) తెచ్చుకుని చదవండి. గడువు నిజంగా ఎంత ఉందో తెలిస్తే కింద నేను చెప్పబోయే దారుల్లో ఏది పట్టాలో తేలుతుంది.

మీ పుటలు చూశాక నాకు అర్థమైనది చెబుతాను. పద్ధతుల విభాగంలో మీరు “భాస్వరాన్ని ఫిస్కే, సుబ్బారావుల పద్ధతిలో కొలిచాం” అని రాసి పక్కన 31 అంకె వేశారు. పట్టికలో 31వది వేరుసెనగ దిగుబడుల మీద వచ్చిన పేపర్. ఫిస్కే, సుబ్బారావుల పేపర్ 36వ స్థానంలో ఉంది. తేడా సరిగ్గా ఐదు. ఆ తర్వాత నేను చూసిన ప్రతి అంకెకూ అదే తేడా. అంటే గైడు గారు చెప్పిన ఐదు పేపర్లనూ మీరు పరిచయ భాగంలో చేర్చి, పట్టికలో వరుస మార్చారు, పాఠం లోపలి అంకెలు మాత్రం పాతవే ఉండిపోయాయి. కార్యాలయంలో చూసేవారికి మీ సబ్జెక్టు తెలియకపోయినా ఇది రెండు నిమిషాల్లో దొరుకుతుంది. మీరేమో రాత్రంతా చుక్కలు దిద్దుతున్నారు. అందుకే రెండోసారి కూడా వెనక్కి వచ్చిందని నేను అనుకుంటున్నాను.

ఇది మీ అశ్రద్ధ కాదు, చేత్తో చేసే పనిలో ఉన్న ప్రమాదం. మీ మొదటి జర్నల్ వాడే పేరు, సంవత్సరం పద్ధతికి హార్వర్డ్ పద్ధతి అని పేరు. హార్వర్డ్‌లో జంతుశాస్త్రవేత్త ఎడ్వర్డ్ లారెన్స్ మార్క్ 1881లో తన పరిశోధన పత్రంలో వాడినదాన్ని దానికి మూలంగా చెబుతారు. అందులో కొత్త పేపర్ చేర్చినా మిగతావి చెదరవు. అంకెల పద్ధతి అలా కాదు. వైద్య జర్నళ్ల సంపాదకులు 1978లో కెనడాలోని వ్యాంకూవర్‌లో సమావేశమై ఒక ఉమ్మడి పద్ధతికి నాంది పలికారు కాబట్టి దానికి ఆ ఊరి పేరు వచ్చింది. పాఠంలో ఏ పేపర్ ముందు కనిపిస్తే దానికి ఆ అంకె. నాలుగో చోట ఒకటి చేర్చితే ఆ తర్వాతివన్నీ జరగాలి, పాఠంలోనూ పట్టికలోనూ ఒకేసారి జరగాలి. మనిషి కంటితో చేయదగిన పని కాదిది.

రూపం విషయంలో మీ ముందు మూడు దారులున్నాయి. మొదటిది, ఇప్పుడున్న ఫైల్లోనే చేత్తో సరిచేయడం. గడువు వారం రోజులే ఉంటే ఇదే చేయండి. అయితే సమీక్షకులు “ఫలానా పేపర్ కూడా చూడండి” అన్నప్పుడల్లా మళ్లీ ఇదే అవస్థ. రెండోది, విశ్వవిద్యాలయం గేటు దగ్గరి డీటీపీ కేంద్రంలో ఇవ్వడం. చాలామంది చేసేది ఇదే. వాళ్లు కామాలు, చుక్కలు చక్కగా సరిచేస్తారు. కానీ 31 అంకె దగ్గర ఏ పేపర్ ఉండాలో వాళ్లకు తెలిసే అవకాశం లేదు, తప్పును అందంగా అమర్చి ఇస్తారు. మూడోది, రిఫరెన్సుల సాఫ్ట్‌వేర్‌లోకి మారడం. నా మొగ్గు దీనివైపే. జొటెరో ఉచితంగా దొరుకుతుంది, అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో 2006లో మొదలైంది. పేపర్‌కు ఆన్‌లైన్‌లో శాశ్వత గుర్తింపుగా ఉండే డీఓఐ సంఖ్య ఇస్తే రచయితలు, శీర్షిక, సంపుటం, పుటలు అదే తెచ్చుకుంటుంది. వర్డ్‌లో రాసేటప్పుడు అంకెలను అదే వేస్తుంది, మధ్యలో ఐదు కాదు యాభై చేర్చినా వరుస తప్పదు. రేపు ఈ జర్నల్ కాదని ఇంకో జర్నల్‌కు పంపాల్సి వస్తే పద్ధతి పేరు మార్చడమే పని. పాత ఫైల్లోని రిఫరెన్సులను అందులోకి ఎక్కించడానికి మీకు మూడు నాలుగు సాయంత్రాలు పడుతుంది. థీసిస్ కూడా రాయాల్సి ఉంది కాబట్టి ఆ శ్రమ వృథా పోదు.

సాఫ్ట్‌వేర్ ఇచ్చినదాన్ని కళ్లు మూసుకుని ఒప్పుకోకండి. కొన్ని పాత పేపర్ల శీర్షికలు మొత్తం పెద్ద అక్షరాల్లో వస్తాయి. శీర్షికలో అరాకిస్ హైపోజియా, బ్యాసిలస్ వంటి శాస్త్రీయ నామాలు ఇటాలిక్స్ కోల్పోయి వస్తాయి, వాటికి విడిగా గుర్తు పెట్టాలి. వృక్షశాస్త్ర సమీక్షకుల కన్ను ముందు అక్కడే పడుతుంది. జర్నల్ పేర్లు కుదించి రాయాలా, పూర్తిగా రాయాలా, ఆరుగురు రచయితల తర్వాత “ఎట్ ఆల్” (తదితరులు) వేయాలా, అందరి పేర్లూ రాయాలా అన్నది జర్నల్‌ను బట్టి మారుతుంది. వ్యాంకూవర్ పద్ధతి అని చెప్పే జర్నళ్లలోనూ తేడాలుంటాయి. తేడా ఎంత చిన్నదో మీ పట్టికలోని ఆ ఒక్క పేపర్‌తోనే చూపిస్తాను. మీ మొదటి జర్నల్ దాన్ని ఇలా అడిగింది: ఫిస్కే, సి.హెచ్., సుబ్బారావు, వై., 1925, ఆపై శీర్షిక, జర్నల్ పూర్తి పేరు, 66, 375–400. రెండో జర్నల్ ఇలా అడుగుతోంది: ఫిస్కే సీహెచ్, సుబ్బారావు వై, శీర్షిక, జె బయోల్ కెమ్, చివర 1925;66:375-400. పొట్టి అక్షరాల మధ్య చుక్కలు పోయాయి, సంవత్సరం వెనక్కి వెళ్లింది, జర్నల్ పేరు కుదించుకుపోయింది. మీరు మార్చిన పట్టికలో సంవత్సరం కొన్నిచోట్ల ముందు, కొన్నిచోట్ల వెనక ఉంది. జర్నల్ తాజా సంచికలో వచ్చిన ఒక పేపర్‌ను దగ్గర పెట్టుకుని, అందులో జర్నల్ వ్యాసం, పుస్తకంలో అధ్యాయం, థీసిస్ ఎలా రాశారో ఒక్కొక్కటి చూసి మీదానితో పోల్చండి. రచయితలకు ఇచ్చే సూచనల పుట పాతబడి ఉండవచ్చు, అచ్చయిన సంచికలో ఇప్పటి వాడుక కనిపిస్తుంది.

ఇంకో మాట. ఈ జర్నల్‌తో కుదరక మరో చోటికి పంపే పరిస్థితి వస్తే, తొలిసారి పంపేటప్పుడు ఏ పద్ధతిలో ఉన్నా ఒప్పుకునే జర్నళ్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. ఎల్సెవియర్ ప్రచురణ సంస్థ తన జర్నళ్లలో 2011 నుంచి ఈ వెసులుబాటు ప్రవేశపెట్టింది, ఇతరులూ అనుసరించారు. సమీక్ష పూర్తయ్యాక సరిచేస్తే చాలు. ఈ జర్నల్ మాత్రం స్పష్టంగా అడిగింది కాబట్టి వాళ్లకు సరిచేసే పంపాలి.

రూపం సంగతి ఇంతే. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది రెండో సగం. పైన నేను రాసిన రిఫరెన్సులో 1925 అని ఉంది కదా, మీ పట్టికలో అది 1952. సీనియర్ థీసిస్‌లో కూడా అలాగే ఉందని మీరే రాశారు. సంపుటం మాత్రం 66 అని సరిగానే ఉంది. జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీలో ప్రోటీన్ కొలిచే లౌరీ పద్ధతి పేపర్ 1951లో వచ్చింది, అది 193వ సంపుటం. మీ పట్టికలో అదీ ఉంది. మరుసటి ఏడాది 66వ సంపుటం ఎలా వస్తుంది? ఒక్కసారి పేపర్ తెరిచి ఉంటే ఈ తప్పు మీ కంటబడేది. ఆ జర్నల్ పాత సంచికలన్నీ ఉచితంగా చదువుకోవచ్చు. తెరిస్తే ఇంకొకటి కూడా కనిపించేది. ఆ పేపర్‌లో వాళ్లు ప్రధానంగా రక్తం, మూత్రం వంటివాటిలో భాస్వరం కొలిచారు. మీరు కొలిచింది వేరుసెనగ ఆకులో, వేరులో. మీ ల్యాబులో మాలిబ్డేట్ కలిపి నీలిరంగు తెప్పించే పద్ధతి ఏదో ఒక ప్రయోగ పుస్తకంలో మొక్కల కోసం సవరించినదై ఉంటుంది. అలాగైతే ఆ పుస్తకాన్ని ఉదహరించాలి, దాని మూలంగా 1925 పేపర్‌ను పేర్కొనాలి. మీ పేపర్ చదివి అనంతపురంలోనో ఆఫ్రికాలోనో ఇంకొకరు అదే కొలత తీయబోతే వాళ్లు నమ్ముకునేది ఆ ఒక్క అంకెనే.

ఇలా నకలు తీసిన తప్పులు ఎంత దూరం పాకుతాయో లెక్కగట్టినవారున్నారు. సిమ్కిన్, రాయ్‌చౌధురి అనే ఇద్దరు పరిశోధకులు 2003లో, రిఫరెన్సుల్లోని ఒకే రకం అచ్చుతప్పులు ఒక పేపర్ నుంచి మరో పేపర్‌కు ఎలా చేరుతున్నాయో చూశారు. ఉదహరించేవారిలో అసలు పేపర్ చదివేవారు సుమారు 20 శాతమేనని అంచనా వేశారు. దీనివల్ల నష్టం కాగితాల మీదే ఆగితే బాగుండేది. 1980లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఐదు వాక్యాల ఉత్తరం ఒకటి వచ్చింది. ఆసుపత్రిలో చేరి నల్లమందు తరహా నొప్పి మందులు తీసుకున్న 11,882 మందిలో వాటికి బానిసలైన దాఖలాలు నలుగురిలోనే కనిపించాయని దాని సారాంశం. 2017లో కెనడా పరిశోధకులు చూస్తే 608 రచనలు ఆ ఉత్తరాన్ని ఉదహరించాయి. వాటిలో 72 శాతం దాన్ని ఈ మందులకు బానిసలు కావడం అరుదు అనడానికి రుజువుగా వాడుకున్నాయి. వాళ్లంతా ఆసుపత్రిలో ఉన్న రోగులన్న సంగతిని 80 శాతానికి పైగా రచనలు చెప్పనే లేదు. ఇంటి దగ్గర నెలల తరబడి ఆ మందులు వాడేవారికి అది వర్తించదు. ఉత్తర అమెరికాలో ఆ మందులు తెచ్చిపెట్టిన విపత్తులో ఈ తప్పుడు ఉదహరింపుల పాత్ర కూడా ఉందని ఆ పరిశోధకులు తేల్చారు. ఐదు వాక్యాలు చదవడానికి ఎంతసేపు పడుతుంది? నాకు ఇది గుర్తొచ్చినప్పుడల్లా బాధ కలుగుతుంది.

కాబట్టి 68 రిఫరెన్సుల దగ్గరా ఒకే ప్రశ్న వేసుకోండి: నా వాక్యం చెప్పేది ఈ పేపర్ చెబుతోందా? ప్రతి పేపర్‌నూ మొదటి నుంచి చివరి దాకా చదవనక్కర్లేదు. మీరు ఆధారపడిన ఫలితం ఉన్న భాగాన్ని, అది ఏ పరిస్థితుల్లో వచ్చిందో చెప్పే భాగాన్ని చదవాలి. సారాంశం మాత్రమే చూసి ఉదహరించడం కూడా నేను మెచ్చను. మీ లైబ్రరీలో లేని పేపర్ కావాలంటే రచయితకే మెయిల్ రాయండి, చాలామంది సంతోషంగా పంపుతారు.

దొరకని రెండింటి సంగతి. శీర్షికను డీఓఐలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థ వెదుకులాటలో పెట్టి చూడండి, ఆ జర్నల్ ఆ సంపుటం విషయసూచికను తెరిచి చూడండి. సంవత్సరమో పుటో తప్పు పడి ఉంటే అక్కడ దొరుకుతుంది. అప్పటికీ దొరక్కపోతే తీసేయండి. వాటి మీద ఆధారపడిన వాక్యానికి చదవగలిగిన మరో ఆధారం చూపండి, లేదా వాక్యాన్నే తగ్గించి రాయండి. ఇంకో పేపర్‌లో ప్రస్తావించినదాన్నే మీరు చూసి ఉంటే, ఆ పేపర్ ద్వారా ఉదహరిస్తున్నానని చెప్పే పద్ధతీ ఉంది. సంపాదకులు అయిష్టంగానైనా ఒప్పుకుంటారు, అందులో అబద్ధం లేదు. దొరకనిదాన్ని అలాగే ఉంచేస్తే ఎవరూ పట్టుకోకపోవచ్చు కూడా. ఒక ప్రచురణ సంస్థ నమూనా ఫైల్లో రిఫరెన్సు ఎలా రాయాలో చూపడానికి వాన్ డెర్ గీర్ తదితరుల పేరుతో 2000 సంవత్సరపు పేపర్ ఒకటి కల్పించి పెట్టారు. ఆ పేపరూ లేదు, ఆ జర్నలూ లేదు. 2017లో ఆన్-విల్ హార్జింగ్ రాసినదాని ప్రకారం సుమారు 400 ప్రచురిత రచనల పట్టికల్లో అది చేరిపోయింది. నమూనా చెరపడం మరిచినవారు, పక్కవారి పట్టిక నకలు తీసినవారు దాన్ని బతికించారు. అలాంటి పట్టికల్లో మీ పేరు కూడా ఉండాలని మీరు కోరుకోరు.

కృత్రిమ మేధ ఇచ్చిన రిఫరెన్సు విషయంలో రెండో ఆలోచన పెట్టుకోకండి. మీరు పంపిన వివరాల్లో ఆ రచయితలు ఈ రంగంలో ఉన్నవారే, జర్నల్ నిజమైనదే. ఇచ్చిన డీఓఐ మాత్రం పూర్తిగా వేరే పేపర్‌కు తీసుకెళ్తోంది. ఈ ఉపకరణాలు కల్పించే రిఫరెన్సులకు ఇది మామూలు లక్షణం. విడివిడిగా అన్నీ నిజంలా ఉంటాయి, కలిపితే ఆ పేపర్ ఉండదు. సమీక్షకుల్లో ఆ రచయితల్లో ఒకరే ఉండవచ్చు, తాను రాయని పేపర్ తన పేరున కనిపిస్తే మీ మూడేళ్ల కొలతలను కూడా ఆయన అనుమానిస్తారు. ఈరోజే తీసేయండి. వాక్యాలు సరిదిద్దుకోవడానికి ఆ ఉపకరణం వాడి ఉంటే జర్నల్ నియమాలు చూసి ఆ సంగతి వెల్లడించండి. ఇదే ఊపులో, పట్టికలో ఉపసంహరించిన పేపర్లు ఏమైనా ఉన్నాయేమో కూడా చూడండి. అలాంటి పేపర్ల వివరాలు పోగుచేసే రిట్రాక్షన్ వాచ్ సేకరణను క్రాస్‌రెఫ్ 2023లో కొని అందరికీ తెరిచింది. జొటెరో అయితే అలాంటి పేపర్ మీద తనంతట తానే ఎర్రగా హెచ్చరిక చూపుతుంది.

ఇక గైడు గారి ఐదు పేపర్లు. మీరు ఎక్కువగా బెంగపడుతున్నది దీని గురించేనని మీ ఉత్తరంలో తెలుస్తోంది. ముందు వాటిని చదవండి. చదవకుండా అవి అనవసరం అనుకోవడం కూడా తొందరపాటే. అదే రంగంలో ఏళ్లుగా పనిచేస్తున్న మనిషి పేపర్లలో ఒకటి రెండు మీకు నిజంగా అవసరమైనవి అయి ఉండవచ్చు. మీరు పంపిన శీర్షికలు చూస్తే రెండు భాస్వరం కరిగించే బ్యాక్టీరియా మీదే ఉన్నాయి. మిగతా మూడు ఔషధ మొక్కల మీదివి. పరిచయ భాగం మొదటి వాక్యంలో ఐదింటినీ ఒకే బ్రాకెట్లో గుదిగుచ్చారు. సమీక్షకుడికి అనుమానం వచ్చేది అలాంటి చోటే.

ఐదింటినీ అలాగే ఉంచవచ్చు. ల్యాబులో ప్రశాంతంగా ఉంటుంది, సమీక్షకుడు అడిగితే అప్పుడు తీసేయవచ్చు. కానీ సంఖ్య పెంచడానికే చేర్చిన ఉదహరింపులను ప్రచురణ నీతిని చూసే కోప్ సంస్థ తప్పుగానే లెక్కిస్తుంది, పేపర్ మీద మొదటి పేరు మీది. లేదా ఎవరికీ చెప్పకుండా మూడింటినీ తీసేయవచ్చు. ఇది నేను వద్దంటాను. ఆయన సహరచయిత, చివరి ప్రతి ఆయన చూస్తారు, చూశాక మీ మధ్య నమ్మకం దెబ్బతింటుంది. ఇంకో దారి, ఆయన్నే అడగడం. ప్రశ్నించడం వేరు, అడగడం వేరు. ప్రింటు తీసుకెళ్లి, “సార్, ఈ రెండు పేపర్లను చర్చలో మన ఫలితంతో పోల్చి రాశాను. ఈ మూడు ఏ వాక్యం దగ్గర పెట్టాలో నాకు తెలియలేదు, మీరు చూపిస్తారా?” అనండి. రెండింటికి మీరు పరిచయంలో ఒక బ్రాకెట్ బదులు చర్చలో మంచి వాక్యమే ఇచ్చారు కాబట్టి ఆయనకు చిన్నతనం ఉండదు. మూడింటికి చోటు చూపించాల్సిన పని ఆయనదవుతుంది. చాలామంది అక్కడ “సరే, వాటిని వదిలెయ్” అంటారు. అనకుండా, ఉంచి తీరాలంటే? ఉంచండి, ఐదింటినీ ఒకే చోట కాకుండా దేనికది తగిన చోట పెట్టండి. మీ పీహెచ్‌డీ ఆయన సంతకం మీద ఉంది, ఈ మూడింటి కోసం పోరాడమని నేను చెప్పను. అయితే దొరకని రెండు, కల్పిత రిఫరెన్సు ఒకటి, ఈ మూడింటినీ “ఉండనీలే” అని ఆయన అన్నా మీరు ఉంచకండి. అక్కడ మాత్రం గట్టిగా నిలబడాలి. “దొరకలేదు సార్, అడిగితే చూపించలేను” అన్న మాట చాలు, దానికి ఎదురు చెప్పే గైడు ఉండరు.

సారూప్యత 14 శాతానికి కంగారు వద్దు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం వరకు ఏ చర్యా ఉండదు, రిఫరెన్సుల పట్టికను లెక్కలోంచి మినహాయించాలి. మీ నివేదికలో పట్టిక కూడా కలిసిపోయి ఉంది. దాన్ని మినహాయించి మళ్లీ తీయమని లైబ్రరీలో అడగండి. అప్పటికీ మిగిలేది పద్ధతుల విభాగమే అయి ఉంటుంది. సీనియర్ వాక్యాలు అలాగే ఉన్నచోట, మీరు నిజంగా ఎన్ని గ్రాములు తీసుకుని ఎలా చేశారో మీ మాటల్లో రాస్తే అది తగ్గిపోతుంది.

మీ పేరు గురించి. ఇది చాలామంది తెలుగువారు తేలిగ్గా తీసుకుని తర్వాత ఇబ్బంది పడే విషయం, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మన ఇంటిపేరు ముందు వస్తుంది, వాళ్ల ఇంటిపేరు చివర వస్తుంది. అందుకే యల్లాప్రగడ సుబ్బారావు గారు ప్రపంచానికి “సుబ్బారావు వై” అయ్యారు. యల్లాప్రగడ అన్నది ఒక్క పొట్టి అక్షరంగా మిగిలింది. గణాంక శాస్త్రంలో కల్యంపూడి రాధాకృష్ణారావు గారు “రావు సీఆర్”. వాళ్లను మీరు ఉదహరించేటప్పుడు అలాగే రాయాలి, మన ఇంటిపేరు ఇది కదా అని సరిచేయకూడదు. ఏ పేపర్‌లో ఆ రచయిత పేరు ఎలా అచ్చయిందో అదే ప్రమాణం.

మీ పేరుకు రెండు రకాలుగా చేయవచ్చు. ఫారంలో కుటుంబ నామం అన్నచోట ఇంటిపేరు రాస్తే అది పాస్‌పోర్టుతో సరిపోతుంది, ఇంటిపేరు అరుదైనదైతే మీ పేపర్లు ఇంకొకరివాటితో కలవవు. మీ సొంత పేరు మాత్రం ఒక పొట్టి అక్షరమైపోతుంది. సొంత పేరునే కుటుంబ నామంగా ఇస్తే అందరూ మిమ్మల్ని పిలిచే పేరే నిలుస్తుంది, కానీ మీలాంటి పేరు, అదే పొట్టి అక్షరం ఉన్నవారు దేశంలో వందల మంది ఉంటారు. నేను మొదటిదానివైపు మొగ్గుతాను. పెళ్లికి ముందు ఇంటిపేరా, తర్వాతదా అంటే, పదో తరగతి సర్టిఫికెట్ నుంచి ఎమ్మెస్సీ దాకా ఉన్న పేరే పేపర్ల మీద కూడా ఉంచుకోవడం మేలు. ఇంట్లో, ఆధార్‌లో ఏ పేరున్నా పరిశోధనలో అదే కొనసాగవచ్చు. మీవారితో, అత్తగారింట్లో ఒకసారి మాట్లాడి తేల్చుకోండి, ఒకసారి తేల్చాక మార్చకండి. ఆర్కిడ్ సంఖ్య తీసుకోండి. 2012 నుంచి ఉచితంగా ఇస్తున్న 16 అంకెల గుర్తింపు అది. అందులో మీ పేరు రూపాలన్నీ చేర్చవచ్చు, సదస్సు సంకలనంలో వేరుగా పడిన ఆ వ్యాసాన్నీ అక్కడ మీ ఖాతాకు జోడించవచ్చు.

పట్టికలో పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ నివేదికలు మూడు, వ్యవసాయ విశ్వవిద్యాలయం తెలుగు కరపత్రం ఒకటి ఉన్నాయి. వాటికి డీఓఐ లేదని తీసేయబోయారట, తీసేయకండి. సంస్థను రచయితగా, ఊరు, సంవత్సరం, పుటల సంఖ్య ఇవ్వండి. తెలుగు శీర్షికను రోమన్ లిపిలో రాసి, పక్కన ఇంగ్లిష్ అర్థం ఇచ్చి, తెలుగులో ఉందని పేర్కొనండి. రాయలసీమ రైతుల నేలల గురించి చెప్పే ఆధారం మీ పేపర్‌కు బలమే.

సవరించిన ప్రతితో పాటు సంపాదకులకు చిన్న లేఖ జతచేయండి. పాఠంలో అంకెలు, పట్టిక వరుస సరిచేశామని, ఆధారం సరిచూడలేకపోయిన మూడు రిఫరెన్సులను తొలగించి వాటి వాక్యాలను సవరించామని రాయండి. ఇలా చెప్పడం వల్ల మీ మీద అనుమానం రాదు, కార్యాలయంలో వారికి ఏం చూడాలో తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్‌తో చేసి ఉంటే, పంపే ప్రతిలో దాని లంకెలు తెంచి, లంకెలున్న ప్రతిని మీ దగ్గర విడిగా దాచుకోండి.

చివరగా మీ సీనియర్. చెప్పకపోతే మీకేమీ నష్టం లేదు, ఆయనకూ వెంటనే తెలియదు. కానీ ఆయన థీసిస్ దేశంలోని థీసిస్‌ల ఆన్‌లైన్ భాండాగారం శోధ్‌గంగలో ఉందని మీరే రాశారు. మీ తర్వాత చేరే విద్యార్థులు కూడా అక్కడి నుంచే పట్టిక దించుకుంటారు, 1952 అలాగే కొనసాగుతుంది. ఆయన ఆ అధ్యాయాలను పేపర్లుగా మార్చే పనిలో ఉన్నారని కూడా అన్నారు. నలుగురిలో చెబితే ఆయన నొచ్చుకుంటారు, గైడు గారి ద్వారా చెప్పిస్తే ఫిర్యాదులా ఉంటుంది. మీరు సరిచూసిన పట్టికను ఆయనకే పంపండి. “అన్నా, మీ థీసిస్ నుంచి తీసుకున్న రిఫరెన్సులను సరిచూశాను, ఈ ఏడింటిలో తేడాలు కనిపించాయి, మీ పేపర్‌కు పనికొస్తాయని పంపుతున్నాను” అని రాయండి, ఆ సంఖ్య ఎంత తేలితే అంత. దొరకని రెండు పేపర్లు ఆయన దగ్గర నకలు రూపంలో ఉన్నాయేమో కూడా అదే మెయిల్లో అడగండి. ఉంటే మీరు తీసేసిన వాక్యాలను మళ్లీ చేర్చుకోవచ్చు.